ప్లాట్‌ఫామ్ ఆటలో ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టడం ఎలా?

సొంతంగా ప్లాట్‌ఫామ్ ఆట (పాత్ర మెట్ల మీదికి దూకుతూ సాగే వీడియో ఆట) తయారు చేసుకుంటున్నవారు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఈ మూడే. "స్విచ్ మీద దూకితే తలుపు తెరుచుకుంటోంది, మరుక్షణమే మూసుకుపోతోంది." "రెండు స్విచ్‌లు పెట్టాను, ఒకటి ఎరుపు చూపిస్తోంది, ఇంకొకటి నీలం చూపిస్తోంది." "బ్లాకు గట్టిపడేసరికి పాత్ర అందులో ఇరుక్కుపోయింది." ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి రాసి అలసిపోయాను. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట రాస్తున్నాను.

ముందు ఒక మాట. మీకు నిజంగా ఆన్-ఆఫ్ స్విచ్చే కావాలా? స్విచ్‌లలో కనీసం మూడు రకాలున్నాయి. 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లో నాలుగు రంగుల స్విచ్ ప్యాలెస్‌లు ఉంటాయి. అక్కడి స్విచ్‌ను ఒకసారి తొక్కితే ఆ రంగు బ్లాకులు ఆటంతటా గట్టిపడతాయి, మళ్లీ వెనక్కి రావు. 1988 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 3లోని పి-స్విచ్ కొంతసేపు పనిచేసి తనంతట తానే ఆగిపోతుంది. 2019లో వచ్చిన సూపర్ మారియో మేకర్ 2లోని ఆన్-ఆఫ్ బ్లాకు వేరు: కొట్టిన ప్రతిసారీ ఎరుపు బ్లాకులు, నీలం బ్లాకులు స్థితులు మార్చుకుంటాయి. ఒకటి గట్టిపడితే రెండోది బోలు అవుతుంది. నేను ఇక్కడ చెప్పబోయేది ఈ మూడో రకం గురించి. తలుపు ఒక్కసారి తెరుచుకుంటే చాలు అనుకునేవారు మొదటి రకం పెట్టుకుని హాయిగా ఉండండి. నన్ను అడిగేవారిలో చాలామందికి కావలసింది అదే.

కావలసినవి

- గోడాట్ 4, అంటే ఆటలు తయారు చేసే ఇంజిన్. బ్లాకులను టైళ్లతో (గడుల్లో పరిచే చిన్న చదరపు బొమ్మలతో) పరిచే పద్ధతికి 4.3 లేదా ఆ తర్వాతి రూపం ఉండాలి. ఇంకో ఇంజిన్ వాడేవారికి కూడా క్రమం ఇదే, పేర్లు మారతాయంతే.
- నడిచే, దూకే పాత్ర ఒకటి. అది క్యారెక్టర్‌బాడీ2డి నోడ్ అనుకుని రాస్తున్నాను (నోడ్ అంటే గోడాట్‌లో ఆటను కూర్చే ఒక్కో భాగం).
- స్విచ్‌కు రెండు బొమ్మలు. ఒక్కో రంగు బ్లాకుకు రెండేసి బొమ్మలు: గట్టిది ఒకటి, గీతలతో గీసిన బోలుది ఒకటి. 16 పిక్సెళ్ల చదరం చాలు.
- రెండు చిన్న శబ్దాలు. ఒకటే శబ్దంతో సరిపెట్టకండి, కారణం తర్వాత చెబుతాను.
- కాగితం, పెన్సిలు. నవ్వకండి, మొదటి అడుగు వీటితోనే.

నోడ్‌ల పేర్లు, సిగ్నళ్ల (ఏదో జరిగిందని నోడ్ పంపే కబుర్ల) పేర్లు ఎలా పలుకుతామో అలా తెలుగులో రాస్తున్నాను. ఎడిటర్‌లో ఇంగ్లిష్‌లో కనిపిస్తాయి, గుర్తుపట్టడం కష్టం కాదు.

1. కాగితం మీద మూడు నిర్ణయాలు

స్విచ్ ఎలా తగలాలి? పైన నిలబడితేనా, కింద నుంచి తలతో కొడితేనా, దగ్గరికి వెళ్లి బటన్ నొక్కితేనా, ఏదైనా విసిరితేనా? ఒకటే ఎంచుకోండి. "అన్నీ పనిచేస్తే బాగుంటుంది కదా" అనిపిస్తుంది. మొదటి స్విచ్‌కు మాత్రం వద్దు.

దాని ప్రభావం ఎంతవరకు? ఒక గదికా, లెవెల్ మొత్తానికా?

పాత్ర చనిపోతే స్విచ్ ఏమవ్వాలి? దీన్ని చివరికి వాయిదా వేసినవారు చివరలో కోడ్ మొత్తం తిరగరాయడం నేను చూశాను. నేనూ రాశాను.

2. స్థితిని ఒక్కచోట పెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క అడుగే చదువుతానంటే ఇది చదవండి.

నా మొదటి ఆటలో నాలుగు స్విచ్‌లు పెట్టి, నాలుగింటిలోనూ "నేను ఆన్‌లో ఉన్నానా?" అనే చరరాశి రాసుకున్నాను. మొదటి స్విచ్ కొడితే తలుపు తెరుచుకుంది. పైనున్న రెండో స్విచ్‌కు ఆ సంగతి తెలియదు, అది ఇంకా తలుపు మూసి ఉందనుకుంటోంది. దాన్ని కొడితే తెరిచి ఉన్న తలుపును మళ్లీ "తెరిచింది". ఆడుతున్న మిత్రుడు ఆ స్విచ్‌ను మూడుసార్లు కొట్టి, ఆట పాడైందని చెప్పి లేచిపోయాడు. నాలుగు స్విచ్‌లు, ఎవరి గోల వారిది.

స్విచ్‌కు స్థితి ఉండకూడదు. స్థితి ఇంకోచోట, ఒక్కచోటే ఉండాలి. స్విచ్ "మార్చు" అని అడుగుతుంది. బ్లాకులు, తలుపులు, చివరికి స్విచ్ బొమ్మ కూడా "మారింది" అనే కబురు విని తమను తాము సర్దుకుంటాయి.

గోడాట్‌లో ఇందుకు ఒక చిన్న స్క్రిప్ట్ రాసి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆటోలోడ్‌గా (ఆట నడిచినంతసేపూ ఉండే స్క్రిప్ట్‌గా) చేర్చండి. దానికి "స్థితి నిర్వాహకుడు" అని పేరు పెట్టుకుందాం. అది చేసే పని ఇంతే:

స్థితి = ఎరుపు
చివరిసారి మారిన సమయం = 0

"మార్చు" అని పిలుపు వస్తే:
– చివరిసారి మారి 200 మిల్లీసెకన్లు కాకపోతే, ఏమీ చేయకుండా వెనుదిరుగు
– స్థితి ఎరుపైతే నీలం చేయి, నీలమైతే ఎరుపు చేయి
– చివరిసారి మారిన సమయాన్ని ఇప్పటి సమయంగా రాసుకో
– "మారింది" అనే సిగ్నల్‌ను కొత్త స్థితితో పాటు పంపు

ఆ 200 మిల్లీసెకన్ల కాపలా స్విచ్‌లో కాకుండా ఇక్కడ ఎందుకు ఉందో గమనించండి. రెండు స్విచ్‌లు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. పాత్ర సరిగ్గా మధ్యలో నుంచి దూకితే రెండూ ఒకే క్షణంలో తగలవచ్చు. ఎరుపు నీలమై, అదే క్షణంలో తిరిగి ఎరుపవుతుంది. తెర మీద ఏమీ జరగనట్టే ఉంటుంది. కాపలా ఒక్కో స్విచ్‌లో విడిగా ఉంటే దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఏ స్విచ్ లెక్క ప్రకారం చూసినా తాను తగిలింది ఒక్కసారే.

ప్రభావం ఒక గదికే పరిమితమైతే ఆటోలోడ్ బదులు ఇదే స్క్రిప్ట్‌ను గది సీన్‌లోని (సీన్ అంటే ఒకచోట కూర్చిన నోడ్‌ల గుంపు) పైనోడ్‌కు తగిలించండి. మిగతాదంతా అలాగే ఉంటుంది.

3. స్విచ్ సీన్

కొత్త సీన్ తెరిచి, పైన ఏరియా2డి (తనలోకి ఏది వచ్చిందో పసిగట్టే ప్రాంతం) పెట్టండి. దాని కింద బొమ్మకు ఒక స్ప్రైట్2డి, తగిలే ఆకారానికి ఒక కొలిజన్‌షేప్2డి, శబ్దానికి ఒక ఆడియోస్ట్రీమ్‌ప్లేయర్2డి.

కొలిజన్ మాస్క్‌లో (ఏ లేయర్‌లోని వస్తువులు తగిలితే పట్టించుకోవాలో చెప్పే జాబితాలో) పాత్ర ఉన్న లేయర్‌కు మాత్రమే, విసిరి కొట్టే పద్ధతైతే ఆ విసిరే వస్తువు లేయర్‌కు మాత్రమే, టిక్ పెట్టండి. ఇది మరిచిపోతే ఏమవుతుందో చెబుతాను: లోపలికి ఏదో వచ్చిందని చెప్పే "బాడీ ఎంటర్డ్" సిగ్నల్ ఏరియాకు పాత్ర వల్లే కాదు, నేల టైళ్ల వల్ల కూడా వస్తుంది. స్విచ్ నేలకు ఒక్క పిక్సెల్ తగిలి ఉన్నా లెవెల్ మొదలవగానే దానంతట అదే మారిపోతుంది. "నేను ముట్టుకోకుండానే స్విచ్ పడుతోంది" అని రాసేవారందరికీ ఇదే జవాబు.

కొలిజన్ ఆకారం పరిమాణాన్ని దాని నారింజ చుక్కలు లాగి మార్చండి, నోడ్ స్కేల్‌తో కాదు. స్కేల్ మార్చిన కొలిజన్ ఆకారాలు ఊహించని విధంగా ప్రవర్తిస్తాయి. ఇంకొక చిన్న ఉచ్చు: కొలిజన్‌షేప్ నోడ్‌ను కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ఆకారం రెండింటికీ ఉమ్మడిగా ఉంటుంది. ఒకదాన్ని సాగదీస్తే రెండోదీ సాగుతుంది. ఆకారం మీద "మేక్ యూనిక్" నొక్కితే విడిపోతాయి.

4. తగలడం

ఎక్కువ సమయం తినేది ఈ అడుగే. మీరు ఎంచుకున్న పద్ధతి ఒక్కటే చదివి ముందుకు వెళ్లండి.

*పైన నిలబడితే మారడం.* "బాడీ ఎంటర్డ్" రాగానే నిర్వాహకుణ్ణి "మార్చు" అని పిలవండి. అంతేనా అంటే, అంతే. కానీ స్విచ్ లోపలికి దిగినట్టు చూపించే యానిమేషన్‌లో బొమ్మతో పాటు కొలిజన్ ఆకారాన్నీ కదిలిస్తే తిప్పలు మొదలవుతాయి. ఆకారం 4 పిక్సెళ్లు కిందికి దిగుతుంది, పాత్ర పాదాలు ఏరియా బయట పడతాయి, స్విచ్ పైకి లేస్తుంది, పాదాలు మళ్లీ తగులుతాయి. స్విచ్ ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అంటూ కొట్టుకుంటుంది. కాపలా ఉన్నా ప్రతి 200 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతూనే ఉంటుంది. బొమ్మను మాత్రమే కదిలించండి, ఆకారం కదలకూడదు.

అంచు మీద అటూఇటూ జరుగుతూ ఉంటే కూడా ఇదే బాధ. అందుకు రెండో ఏరియా పెట్టండి, మొదటిదానికంటే నాలుగువైపులా 4 పిక్సెళ్లు పెద్దది. చిన్న ఏరియాలోకి వస్తే స్విచ్ మారుతుంది. పెద్ద ఏరియా నుంచి పూర్తిగా బయటికి వెళ్లేదాకా మళ్లీ మారదు. నా ఆటల్లో ఈ రెండు ఏరియాల పద్ధతి పెట్టాక ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.

*తలతో కొట్టడం.* చాలామంది బ్లాకు అడుగున పలుచని ఏరియా పెట్టి, పాత్ర లోపలికి వచ్చినప్పుడు దాని నిలువు వేగం పైకి ఉందా అని చూస్తారు. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. కారణం ఇది: పాత్ర తల బ్లాకుకు తగిలిన క్షణంలోనే, పాత్రను కదిలించే ఫంక్షన్ "మూవ్ అండ్ స్లైడ్" నిలువు వేగాన్ని సున్నా చేసేస్తుంది. సిగ్నల్ మీ చేతికి అందేసరికి వేగం సున్నా. అది పైకి వెళ్తోందని మీరెలా తెలుసుకుంటారు?

దీనికి సరైన దారి పాత్ర వైపు నుంచి ఉంది. ఈ పద్ధతిలో స్విచ్ పైనోడ్ ఏరియా2డి కాదు, స్టాటిక్‌బాడీ2డి (కదలని గట్టి వస్తువు). దాన్ని "స్విచ్‌లు" అనే గ్రూపులో చేర్చండి. పాత్ర స్క్రిప్ట్‌లో మూవ్ అండ్ స్లైడ్ పిలిచిన వెంటనే, ఆ అడుగులో తగిలిన వస్తువులన్నింటినీ ఒక్కొక్కటిగా చూడండి. ఆ వస్తువు "స్విచ్‌లు" గ్రూపులో ఉండి, తగిలిన తలం దిశ కిందికి ఉంటే, అంటే నార్మల్ వై విలువ 0.5 కంటే ఎక్కువైతే, తల తగిలినట్టే. గోడాట్‌లో వై కిందికి పెరుగుతుందని మరవకండి. గుర్తు తారుమారైతే తలతో కొడితే పనిచేయదు, మీద నిలబడితే పనిచేస్తుంది. అలా జరిగితే కంగారు పడకుండా గుర్తు మార్చండి.

*బటన్ నొక్కడం.* పాత్ర ఏరియాలో ఉన్నంతసేపూ ఒక గుర్తును "నిజం" అని ఉంచుకుని, బటన్ నొక్కిన క్షణాన మార్చండి. "నొక్కి ఉందా" కాకుండా "ఇప్పుడే నొక్కారా" అని అడగాలి. మొదటిది వాడితే బటన్ మీద వేలు ఉన్నంతసేపూ స్విచ్ గంతులేస్తుంది. రెండు స్విచ్‌లు దగ్గరగా ఉంటే రెండూ స్పందిస్తాయి. వాటి మధ్య పాత్ర వెడల్పుకు రెట్టింపు దూరం ఉంచడం కోడ్ రాయడం కంటే తేలిక.

*విసిరిన వస్తువుతో కొట్టడం.* ఇక్కడ వేగమే శత్రువు. గోడాట్ భౌతిక లెక్కలు మామూలుగా సెకనుకు 60 సార్లు జరుగుతాయి. బాణం సెకనుకు 1,500 పిక్సెళ్ల వేగంతో పోతే ఒక్కో లెక్కకు 25 పిక్సెళ్లు దూకుతుంది. స్విచ్ వెడల్పు 16, బాణం పొడవు 4 అనుకుంటే, రెండూ కలిపి 20. అంటే బాణం ఒక లెక్కలో స్విచ్‌కు ఇవతల, తర్వాతి లెక్కలో అవతల ఉండే అవకాశం ఉంది. మధ్యలో తగిలినట్టు ఎవరికీ తెలియదు. బాణం వేగం తగ్గించండి, లేదా స్విచ్ ఏరియాను బొమ్మ కంటే వెడల్పుగా పెట్టండి, లేదా బాణం పాత స్థానం నుంచి కొత్త స్థానానికి రేకాస్ట్ (దారిలో ఏదైనా తగులుతుందేమో చూసే గీత) గీసి చూడండి. చిన్న ఆటకు రెండోది చాలు. స్విచ్ కాస్త సులువుగా తగిలిందని ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

5. బ్లాకులు కబురు వినాలి

ప్రతి బ్లాకు సీన్‌లో స్టాటిక్‌బాడీ2డి, దాని రంగు పేరు. "మారింది" సిగ్నల్ రాగానే, స్థితి తన రంగే అయితే కొలిజన్ ఉండాలి, గట్టి బొమ్మ కనిపించాలి. కాకపోతే కొలిజన్ తీసేయాలి, బోలు బొమ్మ చూపాలి.

ఇందులో రెండు చోట్ల జారిపడతారు.

మొదటిది: కొలిజన్‌షేప్ "డిసేబుల్డ్" గుణాన్ని నేరుగా మారిస్తే డీబగ్గర్‌లో (దోషాలు చూపే పలకలో) ఎర్ర అక్షరాలతో తిట్టు వస్తుంది. భౌతిక లెక్క జరుగుతున్న మధ్యలో ఆకారాలు మార్చవద్దని, "సెట్ డిఫర్డ్" వాడమని దాని సారాంశం. చెప్పినట్టే చేయండి. సెట్ డిఫర్డ్ ఆ మార్పును లెక్క పూర్తయ్యాక చేస్తుంది.

రెండోది: బ్లాకులు సిగ్నల్ వినడానికి మాత్రమే సిద్ధంగా ఉంటే, మొదటి సిగ్నల్ వచ్చేదాకా వాటికి ఏ స్థితీ తెలియదు. లెవెల్ మొదట్లో ఎరుపూ నీలమూ రెండూ గట్టిగా ఉంటాయి. స్విచ్ ఒకసారి కొట్టాక అంతా సర్దుకుంటుంది, కాబట్టి పరీక్షించేటప్పుడు మీ కంట పడదు. నోడ్ సిద్ధమవగానే నడిచే "రెడీ" ఫంక్షన్‌లో సిగ్నల్‌కు కలిపిన వెంటనే, నిర్వాహకుడి ప్రస్తుత స్థితిని చదివి అదే సర్దుబాటు ఫంక్షన్‌ను ఒకసారి పిలవండి. స్విచ్ బొమ్మకూ ఇదే మాట.

బ్లాకులు వందల్లో ఉంటే విడివిడి సీన్లు వద్దు. టైల్‌మ్యాప్‌లేయర్ నోడ్‌లు నాలుగు పెట్టుకోండి: ఎరుపు గట్టివి, ఎరుపు బోలువి, నీలం గట్టివి, నీలం బోలువి. స్థితి మారినప్పుడు ఒక్కో లేయర్ "ఎనేబుల్డ్" గుణాన్ని మారిస్తే సరిపోతుంది. బోలు లేయర్‌లో కొలిజన్ లేని టైళ్లు వాడాలని వేరే చెప్పనక్కర్లేదు.

6. పాత్ర లోపల ఉండగా బ్లాకు గట్టిపడితే?

తప్పకుండా పడుతుంది. ఆడేవారు మీరు ఊహించిన దారిలో నడవరు. బోలు బ్లాకులో నిలబడి స్విచ్ మీదికి ఏదో విసురుతారు. అప్పుడు ఇంజిన్ పాత్రను ఎటో ఒకవైపు బయటికి తోయాలని చూస్తుంది. ఆ "ఎటో" గోడ అవతల కావచ్చు.

మీ ముందు మూడు దారులున్నాయి. పాత్రను చంపేయవచ్చు. కఠినమైన ఆటలకు బాగానే ఉంటుంది, కానీ ముందుగా హెచ్చరిక ఇవ్వాలి. గట్టిపడే ముందు 0.3 సెకను బ్లాకులు మినుకుమినుకుమనేలా చేయవచ్చు. లేదా పాత్ర బయటికి వచ్చేదాకా ఆ ఒక్క బ్లాకు బోలుగానే ఆగవచ్చు. నా ఓటు మూడోదానికి. ఆడేవారికి అన్యాయం జరగదు, గోడ అవతల పడటమూ ఉండదు.

ఎలాగంటే, ప్రతి బ్లాకులో అదే పరిమాణం గల ఏరియా ఒకటి పెట్టండి. గట్టిపడమని కబురు వచ్చినప్పుడు ఏరియాలో పాత్ర ఉంటే "వేచి ఉన్నాను" అని గుర్తు పెట్టుకుని, బొమ్మను సగం వెలుగులో చూపండి. "బాడీ ఎగ్జిటెడ్" వచ్చాక బ్లాకును గట్టిపరచండి. వేచి ఉండగా స్విచ్ మళ్లీ మారితే ఆ గుర్తు తీసేయడం మరవకండి. మరిస్తే బోలుగా ఉండాల్సిన బ్లాకు పాత్ర బయటికి అడుగు పెట్టగానే గట్టిపడుతుంది. ఈ దోషం పట్టుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

టైళ్ల పద్ధతిలో ఒక్క టైలును విడిగా ఆపడం కష్టం. అందుకని మార్చే ముందే చూడాలి. పాత్ర చతురస్రం నాలుగు మూలలూ ఏ గడుల్లో ఉన్నాయో "లోకల్ టు మ్యాప్"తో తెలుసుకుని, గట్టిపడబోయే లేయర్‌లో ఆ గడులు ఖాళీనా కాదా చూడండి. ఖాళీ కాకపోతే ఆ లేయర్‌ను పాత్ర కదిలేదాకా ఆపండి. ఒక హెచ్చరిక: పాత్ర ఎత్తు 32, టైలు 16 అయితే నాలుగు మూలలు చూస్తే చాలదు. నడుము దగ్గరి గడి తప్పిపోతుంది, అక్కడ కూడా ఒక్కో బిందువు చూడాలి.

శత్రువులు, కదిలే మెట్లు కూడా ఇరుక్కుంటాయి. శత్రువులైతే చావనివ్వండి, ఆడేవారు సంతోషిస్తారు.

7. కంటికి, చెవికి తెలియాలి

స్థితి అదే క్షణంలో మారాలి, యానిమేషన్ దాని వెనకాల రావాలి. స్విచ్ బొమ్మ ఆడటం పూర్తయ్యాక బ్లాకులు మారితే ఆట బద్ధకంగా అనిపిస్తుంది. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేరు.

రెండు శబ్దాలు ఎందుకంటే, ఆడేవారి కళ్లు పాత్ర మీద ఉంటాయి. ఆన్‌కు హెచ్చు స్వరం, ఆఫ్‌కు తగ్గు స్వరం ఉంటే పది నిమిషాల్లో చెవికే అర్థమవుతుంది. ఒకే శబ్దమైతే "ఏదో జరిగింది" అని మాత్రమే తెలుస్తుంది.

రంగుల విషయానికొస్తే, ఎరుపు-ఆకుపచ్చ జంట వాడకండి. వర్ణాంధత్వంలో ఎక్కువగా కనిపించేది ఆ రెండింటి మధ్య తేడా తెలియకపోవడమే. నీలం-నారింజ మేలు. ఏ రంగులు వాడినా గట్టి బ్లాకు నిండుగా, బోలు బ్లాకు అంచు గీతలతో ఉండాలి. తెరను ఫొటో తీసి నలుపు-తెలుపు చేసి చూడండి. ఏది గట్టిదో, ఏది బోలుదో తడుముకోకుండా చెప్పగలిగితే చాలు.

మొదటి స్విచ్ కొట్టినప్పుడు మారే వస్తువు తెర మీదే ఉండాలి. తలుపు లెవెల్ రెండో చివర ఉంటే కెమెరాను అటు ఒక సెకను తీసుకెళ్లి వెనక్కి తేవచ్చు. అది కూడా మొదటిసారి మాత్రమే. ప్రతిసారీ అలా చేస్తే ఆడేవారికి ఆట చేతిలోంచి లాగేసుకున్నట్టు ఉంటుంది.

8. చనిపోతే

మజిలీ బిందువును (చెక్‌పాయింట్‌ను, చనిపోతే మళ్లీ మొదలయ్యే చోటును) తాకినప్పుడు పాత్ర స్థానంతో పాటు నిర్వాహకుడి స్థితినీ దాచండి. చనిపోయినప్పుడు రెండింటినీ వెనక్కి పెట్టండి. స్థితి ఒక్కచోటే ఉంది కాబట్టి ఇది రెండు వరుసల పని. నిర్వాహకుడు ఆటోలోడ్ అయితే, సీన్‌ను మళ్లీ లోడ్ చేసినంత మాత్రాన అతను మొదటి స్థితికి రాడు. సీన్‌తో పాటు అంతా కొత్తగా మొదలవుతుందనుకుని బోల్తా పడేది ఇక్కడే. స్థితిని వెనక్కి పెట్టేటప్పుడు 200 మిల్లీసెకన్ల కాపలాను దాటవేసే వేరే ఫంక్షన్ రాసుకోండి, లేకపోతే స్విచ్ కొట్టిన వెంటనే చనిపోయినవారికి స్థితి వెనక్కి రాదు.

9. ఎవరూ చిక్కుకుపోకుండా

కోడ్ అంతా సరిగ్గా ఉన్నా లెవెల్ తప్పు కావచ్చు. ఆడేవారు స్విచ్ కొట్టి, కిందికి దూకి, పైకి రాలేని గుంటలో పడితే? చావడానికి కూడా అక్కడ ఏమీ లేకపోతే?

కాగితం తీయండి. లెవెల్‌ను నిలబడగల చోట్లుగా విడగొట్టి, ఒక్కో చోటుకు ఎరుపు స్థితిలో ఒక చుక్క, నీలం స్థితిలో ఒక చుక్క పెట్టండి. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లగలరో బాణాలు గీయండి. లోపలికి బాణం ఉండి, ముగింపు వైపు ఏ దారీ లేని చుక్క కనిపిస్తే అదే గుంట. ఒకే జంట రంగులైతే పది నిమిషాల పని. వేర్వేరు స్విచ్‌లు మూడైతే ఒక్కో చోటుకు 8 స్థితులు, ఐదైతే 32. అందుకే ఒక గదిలో స్వతంత్రమైన స్విచ్‌లు మూడుకు మించి పెట్టను. ఏమైనా సరే, మెనూలో "మజిలీ నుంచి మళ్లీ మొదలు" అనే మీట ఒకటి ఉంచండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

డీబగ్ మెనూలో "విజిబుల్ కొలిజన్ షేప్స్" ఆన్ చేసి ఆడండి. ఏరియాలు ఎక్కడ ఉన్నాయని మీరు అనుకుంటున్నారో అక్కడ ఉండవు. దాదాపు ఎప్పుడూ.

నిర్వాహకుడిలో మార్పు జరిగిన ప్రతిసారీ ఒక అంకెను పెంచి ముద్రించండి. స్విచ్‌ను సరిగ్గా 20 సార్లు కొట్టండి. అంకె 20 ఉండాలి, రంగు మొదలుపెట్టినదే కావాలి. 21 వస్తే ఎక్కడో రెండుసార్లు పడుతోంది, 19 వస్తే ఒకటి జారిపోయింది. వేగంగా కొట్టి 19 వస్తే అది కాపలా పని కావచ్చు. నెమ్మదిగా కొట్టి మళ్లీ లెక్కపెట్టండి.

ఇంజిన్ "టైమ్ స్కేల్"ను 0.1కి తగ్గించి చూస్తే స్విచ్ కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. ఆ సమయంలో 200 మిల్లీసెకన్ల కాపలా గోడ గడియారం ప్రకారం నడుస్తుందని, ఆట కాలం ప్రకారం కాదని గుర్తుంచుకోండి. తర్వాత ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో భౌతిక లెక్కలను సెకనుకు 30కి తగ్గించి ఒకసారి, 120కి పెంచి ఒకసారి ఆడండి. బాణాలు స్విచ్‌ను దాటిపోయే లెవెళ్లు 30 దగ్గర బయటపడతాయి.

చివరగా ఆట తెలియని మనిషి చేతికి ఇచ్చి, మీ నోరు మూసుకుని వెనక కూర్చోండి. వారు స్విచ్ కొట్టాక తల ఎటు తిప్పుతారో చూడండి. మారిన బ్లాకుల వైపు చూస్తే సరే. మీ వైపు చూస్తే మళ్లీ ఏడో అడుగుకు వెళ్లండి.